ట్యాపెట్లు సరిచేసిన వేసవి

మా ఆయనకు ఎడమ చెవి పోయిందన్న సంగతి మాకు మొదట తెలిసింది ఒక పాత కారు వల్ల. చెబితే చాలామంది నమ్మరు. చెవి సంగతి డాక్టరు చెప్పాలి గానీ కారు చెప్పడమేమిటని నవ్వుతారు. ఆ రోజు మొదట మేమూ నవ్వాం.

ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో ఇంజనీరు. చెరుకు పిండే రోలర్లుండే మిల్లు హౌసు ఆయన చేతికింద ఉండేది. నాది మాక్లూర్ దగ్గరి పల్లె, పసుపూ వరీ పండించే ఇల్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది మా పెళ్లయింది. కాపురానికి ఫ్యాక్టరీ క్వార్టర్‌కు వచ్చిన కొత్తలో నాకక్కడ ఏదీ నచ్చలేదు. చెరుకు మడ్డి పులిసిన వాసన అన్నం తినేటప్పుడు కూడా ముక్కుకు కొట్టేది. చిమ్నీ మసి ఆరేసిన చీరల మీద రాలేది. చెరుకు ఆడే నెలల్లో ఆయన ఇంటికొచ్చి కూడా కాసేపు అరిచినట్టే మాట్లాడేవాడు. మిల్లు చప్పుడు చెవుల్లోంచి దిగాక మామూలు గొంతు వచ్చేది. ఆ గొంతు కోసం నేను ఎదురుచూసేదాన్ని.

మాతో ఆయన తల్లి ఉండేది. ఒక్కడే కొడుకు. చిన్నతనంలోనే భర్త పోతే నిజామాబాద్‌లో బీడీలు చుట్టి కొడుకును చదివించుకున్న మనిషి. మాట కరుకు. మాకు పిల్లలు కలగలేదు. దాని గురించి ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఒక్క విషయానికే నేను ఆమె చేసే మిగతా గొడవంతా భరించేదాన్ని.

కారు మా ఇంటికి వచ్చింది పెళ్లయిన కొన్నేళ్లకు. ఫ్యాక్టరీలో బొంబాయి నుంచి వచ్చిన కెమిస్టు ఒకాయన ఉండేవాడు. ఆయన ఉద్యోగం మారి వెళ్తూ తన పాత కారును ఇక్కడే వదిలేశాడు. ఇంగ్లండులో తయారైంది, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. తలుపులు ఎంత కిందికంటే కూర్చుని చేయి వేలాడేస్తే వేళ్లు రోడ్డుకు తగులుతాయేమో అనిపించేది. నడవక నడవక షెడ్డులో చెరుకు పిప్పి కప్పుకుని పడి ఉన్న దాన్ని మా ఆయన అడిగి తెచ్చుకున్నాడు. ఎడ్లబండి వెనక తాడు కట్టి ఇంటి ముందుకు లాక్కొచ్చాడు. కాలనీలో పిల్లలందరూ వెంట పడ్డారు.

అత్తమ్మ గడపలో నిలబడి దాన్ని కిందికీ మీదికీ చూసింది.

"ఇదేం బండిరా? ఇద్దరు కూసుంటె నిండిపాయె. మరి నన్నేడ కూసోబెడ్తవు?"

"ఒళ్లె కూసోబెట్టుకుంటనే అవ్వా," అన్నాడు ఆయన.

"నీ పెండ్లాం ఒళ్లెనా? ఆమె నన్ను మోస్తదా?"

ఆ తర్వాత ఆయన సెలవు రోజులన్నీ ఆ కారు కిందే గడిచాయి. ఏడాది పట్టింది అది నడవడానికి. నడిచాక మాత్రం సాయంత్రాలు మేమిద్దరం కాలువ గట్టు వెంట వెళ్లేవాళ్లం. ఎడపల్లి దాకా వెళ్లి తిరిగి వచ్చేవాళ్లం. ఒక్కోసారి నిజామాబాద్ పోయి సినిమా చూసి వచ్చేవాళ్లం. చెరుకు బళ్లు వరసగా ఆగి ఉంటే బండివాళ్లు మమ్మల్ని చూసి మరాఠీలో ఏదో అని నవ్వుకునేవాళ్లు. నేను కొంగు తలమీదికి లాక్కుని తల దించుకునేదాన్ని. లోపల సంతోషంగానే ఉండేది.

ఇక్కడ ఇంజను ముచ్చట కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. ఇంజను పైభాగంలో వాల్వులుంటాయి. గాలీ పెట్రోలూ లోపలికి రావడానికీ, పొగ బయటికి పోవడానికీ అవి తలుపుల్లాంటివి. వాటిని నొక్కే భాగాలకూ వాటికీ మధ్య సన్నటి సందు ఉండాలి. దాన్ని సరిచేయడాన్ని ట్యాపెట్లు సెట్ చేయడమంటారు. నడిచినకొద్దీ ఆ సందు తప్పుతుంది. సందు తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇంజను నీరసంగా తిరుగుతుంది. కారు నిలబడి ఉన్నప్పుడు ఆగిపోకుండా ఇంజను తిరిగే వేగాన్ని స్లో అంటారు. నీరసపడిన ఇంజను ఆగకుండా ఉండాలని ఆ స్లో మరను అప్పుడప్పుడూ కొంత పెంచుతూ పోతాం. ట్యాపెట్లు సరిచేయగానే ఇంజనుకు ప్రాణం లేచొచ్చి స్లో అమాంతం పెరుగుతుంది. అప్పుడు మళ్లీ మర దించుకోవాలి.

మా కారుకు కార్బరేటర్లు రెండు, ఒకదాని వెనక ఒకటి. రెండూ సమానంగా గాలి పీల్చాలి. అది తెలుసుకోవడానికి ఆయన దగ్గర ఒక రబ్బరు గొట్టం ముక్క ఉండేది. ఒక కొస కార్బరేటర్ మూతి దగ్గర పెట్టి, రెండో కొస చెవికి పెట్టుకుంటే బుస్సుమని పాము బుస కొట్టినట్టు వినపడుతుంది. రెండింటి బుసా ఒకేలా ఉండేదాకా మరలు తిప్పుతాడు. ఫ్యాక్టరీ ఆగి ఉండే వేసవిలో, ఏటా ఒకసారి ఈ పని పెట్టుకునేవాడు. కాఫీ అక్కడికే తీసుకెళ్లి ఇచ్చేదాన్ని.

చెవి సంగతి బయటపడిన ఏడు కూడా చెరుకు ఆట, అంటే చెరుకు ఆడే కాలం, అయిపోయాక ట్యాపెట్లు పెట్టాడు. ఇంజను వేడిమీదే చేయాలి గనక వేళ్లు కాల్చుకున్నాడు. అన్నీ అయ్యాక స్టార్ట్ చేస్తే స్లో పెరిగింది. అది మామూలే. మర దించాడు. గొట్టం తీసుకుని ముందు కార్బరేటర్ విన్నాడు, వెనకది విన్నాడు. వెనకది పలకడం లేదన్నాడు. దాని మర పెంచాడు. ఇంజను రయ్యిమంది. మళ్లీ విన్నాడు, పలకలేదు. మళ్లీ పెంచాడు. కాలనీ అంతా వినిపించేలా ఇంజను అరుస్తోంది, ఆయనేమో వెనక కార్బరేటర్ అసలు గాలే పీల్చడం లేదంటాడు.

మర్నాడు ఆ కార్బరేటర్ విప్పి పెట్రోలుతో కడిగాడు. బిగించాడు. అదే తంతు. తర్వాతి రోజూ అంతే. ట్యాపెట్లు తప్పు పెట్టానేమోనని మూత తీసి అన్నీ మళ్లీ సరిచూశాడు. అవి సరిగానే ఉన్నాయి. అన్నం కూడా చిరాగ్గా తినేవాడు. ఒక వాల్వు కాలిపోయిందేమో, ఇంజను తల విప్పాలేమో అని తనలో తనే అనుకునేవాడు.

ఆ పొద్దున నేను కాఫీ తీసుకెళ్లేసరికి గొట్టం చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వంగి ఉన్నాడు. ఇంజను చప్పుడుకు నా చెవులే గింగురుమంటున్నాయి.

"ఇగో, గదేంది అట్ల అరుస్తుంది? జెర తగ్గించరాదూ?" అన్నాను.

"ఎట్ల తగ్గియ్యాలె? వెనకది సచ్చిపోయింది. తగ్గిస్తె బండి బందైతది."

"ఏదీ, నన్ను ఇననియ్యి."

ఆయన నవ్వాడు. "నీకేం తెలుస్తది?" అంటూనే గొట్టం ఇచ్చాడు. ముందుదాని దగ్గర పెట్టి విన్నాను. మెల్లగా బుస్సుమంది. వెనకదాని దగ్గర పెట్టాను. గొట్టం చెవి దగ్గరికి వచ్చీ రాకముందే బుస గట్టిగా కొట్టింది. ఉలిక్కిపడి తల వెనక్కి తీసుకున్నాను.

"ఇది సచ్చిపోవుడేంది? దీనికే దమ్ము ఎక్కువుంది. ముందటిదే మెల్లగుంది," అన్నాను.

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను కూడా నవ్వుతున్నాను. గొట్టం తీసుకుని వెనకదాని దగ్గర పెట్టి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఏదీ? ఇనవడ్తలేదు."

"ఆ చెవుకు కాదు. ఇటు చెవుకు పెట్టుకో," అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. కారుకు కుడిపక్కన నిలబడితే ముందు కార్బరేటర్ ఆయన కుడిచేతివైపు, వెనకది ఎడమచేతివైపు ఉంటాయి. ముందుదాన్ని ఎప్పుడూ కుడి చెవితో వినేవాడు, వెనకదాన్ని ఎడమ చెవితో. గొట్టం కుడి చెవికి మార్చాడు. ముఖం మారిపోయింది. మళ్లీ ఎడమకు మార్చాడు. మళ్లీ కుడికి. తర్వాత గొట్టం కింద పడేసి, లోపలికి చేయిపెట్టి ఇంజను ఆపేశాడు.

"ఎప్పటిసంది?" అని అడిగాను.

"నాకెర్క లేదు." గొట్టం ఏరుకుంటూ అన్నాడు, "అవ్వకు చెప్పకు."

మిల్లు చప్పుడు వల్లే అనుకున్నాం. మిల్లు హౌసులో ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లలో చెవులు బాగున్నవాళ్లు తక్కువ. ఒక చెవి ఉందిగా, చాలన్నాడు. ఆ తర్వాత నేను ఆయనకు కుడిపక్కనే నడిచేదాన్ని, మంచం మీద కూడా కుడివైపుకు మారాను. అత్తమ్మకు ఏదో అనుమానం వచ్చింది గానీ అడగలేదు.

వానాకాలంలో ఆయన నడకలో తేడా వచ్చింది. నడుస్తూ నడుస్తూ ఎడమకు ఒరిగేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు గోడ పట్టుకునేవాడు. మసక వెలుతురులో మెట్లు దిగడానికి తడుముకునేవాడు. ముఖం ఎడమవైపు చీమలు పాకినట్టుందని దవడ రుద్దుకునేవాడు. పన్ను చెడిందేమో అనుకున్నాం. చెరుకు ఆట మొదలైంది. డ్యూటీ నుంచి తూలుతూ వస్తున్న ఇంజనీరును దారిలో అందరూ చూశారు. వాళ్లకు తోచింది వాళ్లు అనుకున్నారు.

ఒకరోజు కూరగాయలకు వెళ్లి వచ్చిన అత్తమ్మ సంచీ కింద పెట్టకుండానే కొడుకు దగ్గరికి పోయింది. ఆయన కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

"ఊపిరి ఇడువు," అంది.

"ఏందే అవ్వా?"

"నా మొఖం మీద ఊపిరి ఇడువురా. తాగొస్తున్నవని బజార్ల అంటున్నరు. నీ అయ్య గట్లనే పోయిండు. నువ్వు గూడ షురూ చేసినవా?"

ఆయన తలెత్తి, తల్లి ముఖం మీద నెమ్మదిగా ఊపిరి వదిలాడు. ఆమె వాసన చూసింది. ఏ వాసనా లేకపోయేసరికి ఆమెకు భయం ఇంకా ఎక్కువైంది. తాగుడే అయితే తిట్టేది, ఏడ్చేది, ఏదో ఒకటి చేసేది. ఇప్పుడు ఏం చేయాలో తెలియక కొడుకు తల నిమురుతూ నిలబడింది.

"మరేమైంది కొడుకా నీకు?"

అప్పుడు చెప్పాం, చెవి సంగతి.

మేనేజరు కూడా పిలిచాడు. ఆయన మంచివాడే. "ముందుగాల ఒళ్లు సూపిచ్చుకో, తర్వాత నౌకరి," అని సెలవు ఇస్తానన్నాడు. కానీ మిల్లు ఆడుతుండగా వదిలి రావడానికి మా ఆయనకు మనసు ఒప్పలేదు. ఆట అయిపోనీ అన్నాడు. ఆట అయిపోకముందే ఒక సాయంత్రం కాలువ గట్టు మీద వెళ్తుంటే కారు మెల్లగా ఎడమకు జరిగింది. నేను అరిచాను. ఎడమ చక్రం గట్టు అంచు దిగి మట్టిలో కూరుకుపోయింది. కింద కాలువ నిండుగా పారుతోంది. చెరుకు బండివాళ్లు పరుగెత్తుకొచ్చి కారును ఎత్తి రోడ్డు మీద పెట్టారు. ఆయన స్టీరింగ్ పట్టుకునే కూర్చున్నాడు.

"నేను సక్కగనే పోతున్న అనుకున్న," అన్నాడు.

ఇంటికి రాగానే తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నువ్వు నేర్చుకో."

చెరుకు బళ్లు లేని వేసవిలో, చెరుకు బళ్లను తూచే కాటా ముందరి ఖాళీ జాగాలో నేను కారు నేర్చుకున్నాను. చీర కుచ్చిళ్లు కాళ్లకు తగులుతుంటే పైకి దోపుకున్నాను. ఆయన పక్కన కూర్చుని చెప్పేవాడు. గేరు వేసేటప్పుడు గరగరమంటే ఇంజను ఏడుస్తోందనేవాడు. గుమ్మాల్లోంచి చూసే ఆడవాళ్లున్నారు, వినపడేలా మాట అన్న మగవాళ్లున్నారు. అత్తమ్మ మూతి బిగించుకుని కూర్చుంది. కోడలు బండి నడపడం ఆమెకు తల కొట్టేసినట్టయింది. కానీ కొడుకును కాలువలో పడేసేకంటే ఇదే నయమని ఊరుకుంది.

చెవుల డాక్టరుకు చూపించుకోవడానికి హైదరాబాద్ వెళ్లేముందు ట్యాపెట్లు పెడతానన్నాడు. చేతులు బాగానే పనిచేసేవి. రేకుల గేజి సందులో పెట్టి, అది కొంచెం పట్టుకుని జారేదాకా బిగించేవాడు. స్టార్ట్ చేశాక స్లో పెరిగింది. ఈసారి గొట్టం నా చేతికిచ్చాడు. నేను వింటూ చెప్పాను, ఆయన మరలు తిప్పాడు.

"ముందటిది ఎక్కువుంది. దించు. ఇంక జెర... ఆఁ, సాలు."

"వెనకది?"

"సరిపోయింది. రెండు ఒక్క తీరుగున్నయి."

ఇంజను గుడుగుడుమని నెమ్మదిగా తిరిగింది. ఆయన బానెట్ మీద అరచేయి పెట్టి నిలబడ్డాడు. "మంచిగ పెట్టినవు," అన్నాడు. మా ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు చాలానే ఉన్నాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఇదే.

హైదరాబాద్‌కు నేనే నడిపాను. తెల్లారుతూనే బయలుదేరాం. అత్తమ్మ గేటు దాకా వచ్చి, కొడుకు నుదుట బొట్టు పెట్టి, నాకూ పెట్టింది. నిజామాబాద్ దాటి డిచ్‌పల్లి దగ్గరికి వచ్చేసరికి రైల్వే గేటు వేసి ఉంది. కారు ఆపాను. ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదోనని నా భయం. గూడ్సు బండి మెల్లగా పోతోంది. పెట్టె తర్వాత పెట్టె. పక్కన నిలబడ్డ బస్సులోంచి జనం తొంగి తొంగి నన్నే చూస్తున్నారు.

ఆయన ముందుకు చూస్తూ అన్నాడు, "నాకు భయమైతుంది."

గూడ్సు చప్పుడులో సరిగా విన్నానో లేదో అనుకున్నాను. ఆయన కుడిపక్కనే ఉన్నాను గనక నేనేమన్నా ఆయనకు వినపడుతుంది. మాటకు బదులు చేయి పట్టుకున్నాను. గేటు తెరిచాక గేరు వేయడానికి వదలాల్సి వచ్చింది. ఇందల్వాయి అడవి దాటేదాకా స్టీరింగ్ మీంచి చేయి తీయలేకపోయాను.

హైదరాబాద్‌లో చెవుల డాక్టరు పెద్దాయన. ఒక ఇనుప కడ్డీని మోకాలికి కొట్టి, అది మోగుతుండగా మా ఆయన చెవి దగ్గర పెట్టాడు, నుదుటి మీద పెట్టాడు. కళ్లు మూసుకుని నడవమన్నాడు. నడిస్తే గోడకు తగిలాడు.

"మిల్లు చప్పుడు వల్ల అనుకుంటున్నం డాక్టర్ సాబ్," అన్నాను.

"చప్పుడు వల్ల అయితే రెండు చెవులూ పోవాలి గదమ్మా. ఒక్కటే ఎందుకు పోతది?"

ఆ ప్రశ్న మాకు ఏడాదంతా ఒక్కసారీ రాలేదు. డాక్టరు తలకు ఎక్స్‌రే తీయించాడు. చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద గడ్డ ఉందన్నాడు. అది పెరిగి పక్కనున్న నరాలను నొక్కుతోందని, మద్రాసు తీసుకెళ్లి తల కోసి తీయించాలని చెప్పాడు. చేయించకపోతే? అని మా ఆయనే అడిగాడు. డాక్టరు సూటిగా చెప్పాడు. ఏడాది తిరగడం కష్టం.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ఒప్పుకోలేదు. "తల కోపిచ్చుకుంటె మనిషి మిగుల్తడా? నేను చెయ్యనియ్య. మందులుంటయి, పసరు వైద్యం చేసేటోళ్లుంటరు, అన్నీ సూద్దాం." రోజంతా వాదించింది. చివరికి నా మీదికి తిరిగింది. "నీ కడుపున పుట్టలే గదా. నీకేం తెలుస్తది?" అంది. ఆమె నన్ను పిల్లల మాట అన్నది ఆ ఒక్కసారే. అన్న మరుక్షణం ఆమె ముఖం పాలిపోయింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. మద్రాసుకు రైలెక్కేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. అక్కడ ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ కాగితం మీద దస్కత్ నేనే పెట్టాను.

ఆయన బతికాడు. కానీ గడ్డ తీసేటప్పుడు ముఖం నరం తెగింది. ఎడమవైపు ముఖం జారిపోయింది. ఆ కన్ను మూతపడదు. తాగిన నీళ్లు మూతి కొస నుంచి కారేవి. గడ్డ కొంచెం మెదడుకు అతుక్కుని ఉంటే దాన్ని ముట్టుకోలేదని, మళ్లీ పెరగవచ్చని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. నేను ఆయనకు చెప్పాను. మాకిద్దరికీ దాపరికం అలవాటు లేదు. అత్తమ్మకు మాత్రం చెప్పలేదు.

మేము తిరిగి వచ్చిన రోజు ఆమె కొడుకు ముఖం చూసి ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. వేడినీళ్లు కాచి, గుడ్డ తడిపి, మూతపడని ఆ కన్ను మీద అద్దుతూ కూర్చుంది. రాత్రి నేను అన్నం తింటుంటే నా కంచంలో కొసరి వడ్డించింది. అంతే. మా మధ్య ఆ మాట మళ్లీ రాలేదు.

ఫ్యాక్టరీలో ఆయనను మిల్లు హౌసు నుంచి తీసి డ్రాయింగులు గీసే గదిలో వేశారు. నవ్వితే ముఖం ఒక్కవైపే నవ్వుతుందని నవ్వడం మానేశాడు. అయినా ఆ ఏళ్లు మాకు చెడ్డవి కావు. సాయంత్రాలు నేను కారు తీస్తే పక్కన కూర్చునేవాడు, కన్నుకు దుమ్ము తగలకుండా నల్లద్దాలు పెట్టుకుని. జానకంపేట వైపు పచ్చటి చెరుకు మధ్య ఆపి, గట్టున కూర్చుని చెరుకు నమిలేవాళ్లం. ఆయనకు ముక్కలు చిన్నగా కోసి ఇచ్చేదాన్ని. వేసవి రాగానే ట్యాపెట్లు ఆయన పెట్టేవాడు, నేను వినేదాన్ని.

తర్వాత కుడి చెవి కూడా తగ్గడం మొదలైంది. నేను మాట్లాడుతుంటే నా పెదాల వైపు చూడడం చూసి నాకు తెలిసింది. మద్రాసు మళ్లీ వెళ్లాం. కుడి చెవి నరం మీద కూడా గడ్డ పుట్టిందని, ఇంకోసారి కోయడం కుదరదని అన్నారు. ఆయన దాన్ని మామూలు మాటలాగే విన్నాడు. రైల్లో తిరిగి వస్తూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. గూడూరు దగ్గర నిమ్మకాయలు అమ్మకానికొస్తే కొనమని సైగ చేశాడు. అత్తమ్మ ఊరగాయ పెడుతుందని.

చివరి వేసవికి ఆయనకు ఏమీ వినపడేది కాదు. నేను ఏదైనా చెప్పాలంటే ఆయన అరచేతిలో వేలితో రాసేదాన్ని. నిలబడలేకపోయేవాడు గనక కారు పక్కన స్టూలు వేశాను. అయినా ట్యాపెట్లు పెట్టాలన్నాడు. సందు రేకు పట్టును చేతి వేళ్లతోనే చూసుకున్నాడు. అన్నిటికన్నా బాగా అప్పుడే పెట్టాడేమో. నేను స్టార్ట్ చేశాను. ఇంజను ఎప్పట్లాగే రయ్యిమని లేచింది. ఆయన నా వైపు చేయి చాచాడు. అరచేతిలో 'పెరిగింది' అని రాశాను.

"పెరగాలె," అన్నాడు. తన గొంతు తనకే వినపడదు గనక మాట ఎక్కడో గట్టిగా, ఎక్కడో మెల్లగా వచ్చింది. "పెరిగిందంటె పని మంచిగైంది." మర దించాడు. నా ముఖం చూస్తూ ఇంకొంచెం దించాడు. నేను తల ఊపాక ఆపాడు. ఆ తర్వాత కాసేపు ఇంజను మీద చేయి ఉంచుకుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోమని నాకు సైగ చేశాడు.

చెరుకు ఆట మొదలైన కొత్తలో, ఒక పొద్దున, అత్తమ్మ కన్నుకు గుడ్డ అద్దుతుండగా పోయాడు. ఆమె వెంటనే గుర్తుపట్టలేదు. ఆయనకు వినపడదని తెలిసినా ఎప్పట్లాగే మాట్లాడుతూనే ఉంది. "సల్లగున్నదా కొడుకా? ఇంక జెర వేడి చెయ్యాల్నా?" అంటోంది. నేను వెళ్లి ఆమె చేతిలోంచి గుడ్డ తీసుకున్నాను. పాడె వెళ్తుంటే చెరుకు బళ్లవాళ్లు ఎడ్లను పక్కకు లాగి దారి ఇచ్చారు. కొందరు తలపాగాలు తీశారు. తూలి నడుస్తున్న రోజుల్లో ఆయన్ను ఎగతాళి చేసినవాళ్లు కూడా వాళ్లలో ఉండే ఉంటారు. నాకు ఎవరి మీదా కోపం రాలేదు.

క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. నిజామాబాద్‌లో ఒక గది అద్దెకు దొరికింది. నాకు చిన్నపిల్లల బడిలో పని ఇస్తామన్నారు. అక్కడ కారు పెట్టుకునే చోటు లేదు, నాకు దాన్ని ఉంచుకోవాలనీ లేదు. నాందేడ్ నుంచి ఒక డాక్టరు తన భార్యతో వచ్చి చూసి ఇష్టపడ్డాడు. ఇద్దరూ కొత్తగా పెళ్లయినవాళ్లు. వాళ్లకు కారు చలికి ఎలా మొరాయిస్తుందో, వాలులో ఏ గేరు వేయాలో అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా వింది. వాళ్లు వెళ్లేటప్పుడు నేను ఇంట్లోకి వెళ్లి సామాను కట్టుకున్నాను.

మా సామాను ఎంతో లేదు. ఒక లారీ మాట్లాడుకున్నాం. డ్రైవరు పిల్లవాడు కొత్తవాడిలా ఉన్నాడు. నేనూ అత్తమ్మా ముందు అతని పక్కన కూర్చున్నాం. ఎడపల్లి దగ్గరికి వచ్చేసరికి చెరుకు బళ్లు వరస కట్టి ఉన్నాయి. అతను ఒక్కసారిగా బ్రేకు వేసి, మళ్లీ గేరు వేయబోతే గరగరమంది. అత్తమ్మ ముందుకు తూలి తలుపు పట్టుకుంది.

"మెల్లగ పో పిలగా! నీకు ఎవలు నేర్పిండ్రు బండి? నీకంటె నా కోడలు మంచిగ నడుపుతది."

అతను నవ్వాడు. "ఈమెనా అవ్వా? బండి నడుపుతదా?"

"అగో, నవ్వుతున్నవేంది? హైద్రాబాద్ దాక నడిపింది. ఇందల్వాయి అడివిలకెల్లి. ఒక్క తాన గూడ ఆగలె." ఆమె గొంతులో అంత గర్వం నేనెన్నడూ వినలేదు. "అడుగు, సూసినోళ్లనడుగు. నా కొడుకు నేర్పిండు ఆమెకు. కాటా కాడ, ఎండల కూసోబెట్టి..."

ఆమె ఆగిపోయింది. నా భుజం పట్టుకుని, కొడుకు పోయిన తర్వాత మొదటిసారి ఏడ్చింది. డ్రైవరు ఇంజను ఆపేసి దిగి, చెరుకు బళ్ల అవతల రోడ్డు పక్కకు వెళ్లి నిలబడ్డాడు. ఆమె ఏడుపు అయిపోయేదాకా అతను తిరిగి రాలేదు.